మీటరుతో కుదిరే లెక్క: పీజెడ్‌ఈఎం-004టీ వాడి చూశాక

తీర్పు ముందే చెప్పేస్తాను. సింగిల్ ఫేజ్ కనెక్షన్ ఉండి, పైకప్పు మీద సోలార్ లేని ఇంటికి పీజెడ్‌ఈఎం-004టీ, అంటే కరెంటు వాడకాన్ని కొలిచే ఈ చిన్న సెన్సారు బోర్డు, నిస్సందేహంగా కొనదగ్గ వస్తువు. నేను తీసుకున్నది 100 ఆంపియర్ల రకం, మూడో వెర్షన్. ఒక్కొక్కటి వెయ్యి రూపాయల లోపే వచ్చింది. సోలార్ ఉన్నవాళ్లు మాత్రం కొనేముందు ఈ సమీక్ష చివరిదాకా చదవండి.

ఇంతకీ నాకు దీనితో పనేమిటంటే, మాది తెనాలి. కింద అమ్మతో పాటు మేము, పైన అన్నయ్య కుటుంబం. మీటరు ఒక్కటే. రెండో మీటరు పెట్టించుకోరాదా అని అందరూ అడుగుతారు. ఇల్లు ఇంకా నాన్న పేరు మీదే ఉంది, అది వేరే కథ. రెండిళ్ల వాడకం ఒకే బిల్లులో పడటం వల్ల శ్లాబులు ఇట్టే దాటిపోతాయి. 2022లో ఆంధ్రప్రదేశ్‌లో వచ్చిన శ్లాబుల ప్రకారం 126 నుంచి 225 దాకా యూనిట్ 6 రూపాయలు, ఆ పైన 400 దాకా 8.75, 400 దాటితే 9.75. ఎవరి వల్ల ఎన్ని యూనిట్లు పై శ్లాబులోకి పోయాయన్న ప్రశ్న ప్రతి ఎండాకాలం మా ఇంట్లో ఏసీ కంటే ఎక్కువ వేడి పుట్టిస్తుంది.

నేను అకౌంటెంటును. ట్రయల్ బ్యాలెన్స్‌లో రూపాయి తేడా వస్తే అన్నం సహించని రకం. అందుకని కింద లైనుకు ఒకటి, పై లైనుకు ఒకటి, బోరు మోటారుకు ఒకటి సెన్సార్లు పెట్టి బిల్లును నిష్పత్తి ప్రకారం పంచుదామన్నాను. వదిన ఒక్కటే షరతు పెట్టారు. "నీ మూడు లెక్కలూ కలిపితే బయట మీటరు లెక్క రావాలి. రాకపోతే ఎప్పటిలాగే చెరిసగం." ఇంతకంటే మంచి ఆడిట్ నిబంధన నేను ఏ కంపెనీలోనూ చూడలేదు.

చాలామంది ఇలాంటి పనికి మొదట కొనేది ఎస్‌సీటీ-013 క్లాంపు. నేనూ అదే తెచ్చాను, కోఠి గుజరాతీ గల్లీలో. నీలి రంగు ప్లాస్టిక్ దవడ, చివర హెడ్‌ఫోన్ పిన్ను. వైరు కోయనక్కర లేదు, ఫేజు వైరు చుట్టూ తగిలిస్తే చాలు. లోపల ఉన్నది కరెంట్ ట్రాన్స్‌ఫార్మరు. 000 రకంలో నిష్పత్తి 2000కు 1, అంటే వైరులో 100 ఆంపియర్లు పారితే పిన్ను దగ్గర 50 మిల్లీ ఆంపియర్లు వస్తాయి. దానికి అడ్డంగా ఒక రెసిస్టరు పెట్టి, దాని మీది వోల్టేజీని ఈఎస్‌పీ32 లాంటి చిన్న బోర్డుతో చదువుకోవాలి. వినడానికి సులువే.

లెక్క వేసి చూడండి. రెసిస్టరు 22 ఓములు అనుకుందాం. ఇంట్లో 1 ఆంపియర్ పారుతుంటే దాని మీద 11 మిల్లీ వోల్టులు వస్తాయి. ఈఎస్‌పీ32 తన 3.3 వోల్టులను 4096 మెట్లుగా చూస్తుంది, ఒక్కో మెట్టు సుమారు 0.8 మిల్లీ వోల్టు. అలల శిఖరం నుంచి అడుగు దాకా తీసుకున్నా 1 ఆంపియర్‌కు దక్కేది 39 మెట్లు. 0.1 ఆంపియర్‌కు నాలుగు మెట్లు కూడా లేవు. ఆ బోర్డు సొంత రొదే, అంటే కరెంటు లేకున్నా ఊరికే ఊగే అంకెలే, అంతకంటే ఎక్కువ. అందుకే అన్నీ ఆపేసినా తెర మీద 0.2 ఆంపియర్లు కనిపిస్తూ ఉంటాయి. దాన్ని 230తో గుణిస్తే దాదాపు 50 వాట్లు. లేని ఆ 50 వాట్లు రాత్రింబవళ్లు నడిస్తే నెలకు 36 యూనిట్లు. మా రెండు ఫ్రిజ్‌ల పక్కన మూడో ఫ్రిజ్ ఉన్నట్టు లెక్క తేలుతుంది.

దీన్ని కొంత బాగు చేయవచ్చు. ఇళ్లలో మెయిన్ ఎంసీబీ సాధారణంగా 32 ఆంపియర్లదే ఉంటుంది కాబట్టి 100 ఆంపియర్ల క్లాంపు తెచ్చుకోవడమే దుబారా. ఎస్‌సీటీ-013-030 అని 30 ఆంపియర్ల రకం ఉంది. రెసిస్టరు లోపలే ఉంటుంది, 30 ఆంపియర్లకు 1 వోల్టు ఇస్తుంది. అంటే 1 ఆంపియర్‌కు 33 మిల్లీ వోల్టులు, మూడు రెట్లు మేలు. ఈఎస్‌పీ32 సొంత కొలతను నమ్మకుండా ఏడీఎస్1115 అనే 16 బిట్ల చిప్పు తగిలిస్తే రొద ఇంకా తగ్గుతుంది. ఇవన్నీ చేసినా అసలు రోగం మిగిలే ఉంటుంది.

ఆ రోగం ఏమిటంటే, క్లాంపుకు కరెంటు మాత్రమే తెలుసు, వోల్టేజీ తెలియదు. మనం ప్రోగ్రాములో 230 అని రాసి గుణిస్తాం. మా వీధిలో సాయంత్రం ఏడింటికి 205 ఉంటుంది, తెల్లవారుజామున 240 దాటుతుంది. ఇది చిన్న పొరపాటు. పెద్దది పవర్ ఫ్యాక్టరు, అంటే వోల్టులు, ఆంపియర్ల గుణకారంలో నిజంగా పని చేసే వాట్ల వంతు. ఇంటి మీటరు మనకు వేసే యూనిట్లు నిజమైన పని చేసిన వాట్లకే. వోల్టులను ఆంపియర్లతో గుణిస్తే వచ్చే అంకెకు కాదు. మా కింది ఇంట్లో పాత ఫ్రిజ్ 225 వోల్టుల దగ్గర 1.1 ఆంపియర్ లాగుతుంది. 230 అని గుణిస్తే 253. కానీ దాని పవర్ ఫ్యాక్టరు 0.58, అది వాడే నిజమైన వాట్లు 143 మాత్రమే. క్లాంపు మాట నమ్మితే ఆ ఫ్రిజ్ మీద దాదాపు ఎనభై శాతం ఎక్కువ రాసేసినట్టే. చవక ఎల్ఈడీ బల్బులు, అడాప్టర్లు, మోటార్లు అన్నిటిదీ ఇదే వరస. గీజరు, ఇస్త్రీ పెట్టె లాంటి వాటి దగ్గర మాత్రం క్లాంపు సరిగ్గానే చెబుతుంది. దానితో ఒక వింత పక్షపాతం వస్తుంది. పైన గీజరు, కింద ఫ్రిజ్ ఉన్నప్పుడు తప్పంతా కిందివాళ్ల మీదే పడుతుంది.

కాబట్టి ఖచ్చితత్వం కావాలంటే వోల్టేజీని, కరెంటును ఒకే క్షణంలో కొలిచి, గుణించి, సగటు తీసే చిప్పు కావాలి. పీజెడ్‌ఈఎం-004టీ చేసేది ఆ పనే. బొటనవేలి వెడల్పు బోర్డు, దానితో ఒక సీటీ, అంటే కరెంట్ ట్రాన్స్‌ఫార్మరు. బోర్డుకు ఫేజు, న్యూట్రల్ రెండూ ఇవ్వాలి. ఫేజు వైరు సీటీ గుండా పోవాలి. అవతలి పక్క నాలుగు సన్న వైర్లతో ఈఎస్‌పీ32కు వోల్టులు, ఆంపియర్లు, వాట్లు, యూనిట్లు, ఫ్రీక్వెన్సీ, పవర్ ఫ్యాక్టరు అన్నీ లెక్క కట్టేసి అంకెలుగా అందిస్తుంది. తయారీదారు చెప్పే తేడా అర శాతం. వోల్టేజీ 80 నుంచి 260 దాకా, కరెంటు 0.02 ఆంపియర్ల నుంచి కొలుస్తుంది. ఈఎస్‌పీ32కు ప్రోగ్రాము రాసిపెట్టే ఈఎస్‌పీహోమ్‌లో దీనికి సిద్ధంగా భాగం ఉంది. నాలుగు వరుసలు రాస్తే, ఇంటి పరికరాలన్నిటినీ ఒకచోట చూపే హోమ్ అసిస్టెంట్ అనే సాఫ్ట్‌వేర్‌లో గ్రాఫులు వచ్చేస్తాయి.

ఒక్క మాట, యూనిట్ల లెక్కను హోమ్ అసిస్టెంట్‌తో కట్టించకండి. పది సెకన్లకు ఒకసారి వాట్లు అడిగి కూడుకుంటూ పోతే, మధ్యలో మోటారు ఆగినా, మిక్సీ తిరిగినా తప్పిపోతుంది. చిప్పు తనంతట తానే యూనిట్లు కూడుతూ ఉంటుంది, కరెంటు పోయినా ఆ అంకె చెరగదు. దాన్నే తీసుకోండి.

సీటీ రెండు రకాలుగా దొరుకుతుంది. ఒకటి గుండ్రటి ఉంగరం, ఇంకొకటి తెరిచి మూసే క్లాంపు. ఉంగరానికి వైరు ఊడదీసి దూర్చాలి. శ్రమే, అయినా దానికే నా ఓటు. తెరుచుకునే రకంలో రెండు ఫెర్రైటు ముక్కలు ఒకదానికొకటి గట్టిగా ఆనాలి. మధ్యలో వెంట్రుకంత సందున్నా, దుమ్ము చేరినా కరెంటు తక్కువగా చూపడమే కాకుండా కొలిచిన కరెంటు అల వోల్టేజీ అలతో పోలిస్తే కొద్దిగా పక్కకు జరుగుతుంది. పేరు చెప్పను కానీ, ఒక అమ్మకందారు పంపిన క్లాంపుకు దవడ పూర్తిగా మూసుకునేది కాదు. వేళ్లతో నొక్కితే వాట్లు పెరిగేవి, వదిలితే తగ్గేవి. అలాంటిది వస్తే తిప్పి పంపండి. మంచిదే వచ్చినా ఆ రెండు ముఖాలను పొడి గుడ్డతో తుడిచి, మూశాక ఒక ప్లాస్టిక్ టై బిగించండి. ఎస్‌సీటీ క్లాంపును దీనికి, దీని సీటీని దానికి మార్చి తగిలించవద్దు. చుట్ల నిష్పత్తులు వేరు.

అల పక్కకు జరగడం అన్నాను కదా, అది ఎంత దెబ్బ తీస్తుందో లెక్క వేసి చూపిస్తే తప్ప ఎవరూ నమ్మరు. రెండు డిగ్రీల జరుగుబాటు అనుకోండి. గీజరు దగ్గర అది నూటికి 0.06 తేడా, ఎవరికీ కనపడదు. పవర్ ఫ్యాక్టరు 0.5 ఉన్న మోటారు దగ్గర అదే రెండు డిగ్రీలు ఆరు శాతం తప్పు తెస్తుంది. అందుకే బల్బు ముందు సరిచూసి 'బ్రహ్మాండం' అనుకున్న సెన్సారు మోటారు ముందు తేలిపోతుంది. బ్రిటన్‌లో మొదలైన ఓపెన్ ఎనర్జీ మానిటర్ వాళ్లు తమ ప్రోగ్రాములో ఈ జరుగుబాటును దిద్దడానికి విడిగా ఒక అంకె పెట్టారు. పీజెడ్‌ఈఎంలో మనం దిద్దుకునే ఏర్పాటు లేదు. ఫ్యాక్టరీలో దిద్దిందే ఖాయం. దాని కాగితాల్లో కాలిబ్రేషన్ ఆదేశం ఒకటి కనిపిస్తుంది. అది తయారీదారు కోసం, మనం దాని జోలికి పోకూడదు.

ఇక సరిచూడటం. దీనికి ఖరీదైన పరికరం అక్కర లేదు, గోడ మీద ఉన్న మీటరే ప్రమాణం. దాని మీద ఎర్రగా మెరిసే చిన్న లైటు పక్కన ఎన్ని మెరుపులకు ఒక యూనిటో రాసి ఉంటుంది. మా మీటరు మీద 3200. అంటే ఒక్కో మెరుపు 0.3125 వాట్ గంట. మెరుపుకూ మెరుపుకూ మధ్య సెకన్లతో 1125ను భాగిస్తే ఆ క్షణాన ఇంటి వాట్లు వస్తాయి. మీ మీటరు మీద 1600 ఉంటే 2250ను భాగించండి. మీటరుకు ఏదీ అతికించవద్దు, సీలు జోలికి అసలే వద్దు. ఫోనుతో వీడియో తీసి తర్వాత తీరిగ్గా లెక్కపెట్టుకుంటే చాలు.

కొలతకు నిలకడైన లోడు కావాలి. ఇస్త్రీ పెట్టె పనికిరాదు, మాటిమాటికీ ఆగుతుంది. బకెట్ నీళ్లలో 1500 వాట్ల హీటరు రాడ్డు పెట్టి, ఇంట్లో మిగతావన్నీ ఆపేశాను. "ఎండాకాలంలో వేడినీళ్లు ఎవరికిరా?" అని అమ్మ. ఆ సమయానికి వోల్టేజీ 212. రాడ్డు మీద 1500 అని రాసి ఉన్నా ఆ వోల్టేజీ దగ్గర దాని వాటా 1274 వాట్లే, ఎందుకంటే వోల్టేజీ తగ్గితే వాట్లు దాని వర్గం చొప్పున తగ్గుతాయి. మీటరు 50 మెరుపులకు 44.2 సెకన్లు తీసుకుంది, అంటే 1273. పీజెడ్‌ఈఎం 1268 చూపించింది. తేడా అర శాతం లోపే. మీటరుకే క్లాస్ 1 అని ఒక శాతం దాకా అటూ ఇటూ వెసులుబాటు ఉంది. అంతకంటే లోతుకు దిగి పేచీ పెట్టుకోవడం అనవసరం.

తర్వాత మోటారు ఒక్కటే వేసి అదే పని చేశాను. అక్కడా ఉంగరం సీటీ ఒక శాతం లోపలే ఉంది. ఈ పరీక్ష మాత్రం మానవద్దు. హీటరుతో సరిపోయి మోటారుతో తప్పితే దవడ సందులోనో, సీటీలోనో లోపం ఉన్నట్టు.

అంతా సరిపోయింది కదా, మరి నెలాఖరుకు కింద, పైన, మోటారు కలిపితే మీటరు లెక్క వచ్చిందా? రాలేదు. ప్రతిసారీ మీటరే ముందుండేది. తేడా శాతాల్లో పెరుగుతూ తరుగుతూ ఉంటే సెన్సారును అనుమానించేవాణ్ని. ఇది అలా కాదు. వాడకం ఎక్కువైనా తక్కువైనా రోజుకు అర యూనిట్‌కు కాస్త అటూ ఇటూ. లెక్కల్లో ఇలాంటి తేడా కనిపిస్తే అర్థం ఒక్కటే, ఎక్కడో నమోదు కాని ఖర్చు ఉంది.

రెండిళ్లలో అన్నీ ఆపించి మీటరు ముందు నిలబడ్డాను. వదిన కూడా మెట్లు దిగి వచ్చి పక్కన నిలబడ్డారు. లైటు మెరిసింది. మళ్లీ మెరవడానికి 51 సెకన్లు పట్టింది. అంటే 22 వాట్లు. అన్నీ ఆపాక ఇంకా తింటున్నది ఏది? మెట్ల కింద ఉన్న ఇన్వర్టరు. రెండిళ్ల ఫ్యాన్లకూ లైట్లకూ కలిపి, కరెంటు పోయినప్పుడు మాత్రమే వాడుకోవడానికి పెట్టుకున్నది. దాని లైను మా మూడు సెన్సార్లకూ ముందే, మెయిన్ నుంచి విడిగా పోతోంది. బ్యాటరీ నిండినా దాని ట్రాన్స్‌ఫార్మరు, చార్జింగు ఇరవై నాలుగు గంటలూ లాగుతూనే ఉంటాయి. నెలకు 16 యూనిట్లు, 8.75 లెక్కన 140 రూపాయలు. "అంటే కరెంటు పోనప్పుడు కూడా దాన్ని మేపుతున్నామన్నమాట," అన్నారు వదిన. ఏళ్లుగా మేపుతున్నాం.

దానికి నాలుగో సెన్సారు పెట్టాను. ఇక్కడే ఖచ్చితత్వం పెంచే మంచి కిటుకు ఒకటి పనికొచ్చింది. 22 వాట్లంటే 0.1 ఆంపియర్ చుట్టుపక్కల. 100 ఆంపియర్ల సీటీకి అది మరీ చిన్న మొత్తం. అందుకని ఇన్వర్టరు ఫేజు వైరును సీటీ గుండా ఒకసారి కాకుండా ఐదుసార్లు చుట్టి పోనిచ్చాను. సీటీకి కరెంటు ఐదు రెట్లు కనిపిస్తుంది, వచ్చిన ఆంపియర్లనూ వాట్లనూ యూనిట్లనూ ప్రోగ్రాములో 0.2తో గుణిస్తే అసలు అంకె. చుట్లన్నీ ఒకే దిక్కున పోవాలి. అప్పుడు కొలవగలిగే గరిష్ఠం 20 ఆంపియర్లకు తగ్గుతుంది, ఇన్వర్టరుకు అది చాలా ఎక్కువే. రౌటరు, సెట్‌టాప్ బాక్సు లాంటి చిన్న వాటిని విడిగా కొలవాలనుకునే వాళ్లకు పైసా ఖర్చు లేని ఉపాయం ఇది.

నాలుగూ కలిపాక మీటరుతో తేడా ఒక శాతం లోపలికి వచ్చింది. మోటారు, ఇన్వర్టరు చెరిసగం, మిగతాది ఎవరిది వారిది. వదిన సంతకం అయిపోయింది. అంటే ఆ నెల వాటా డబ్బు ప్రశ్న లేకుండా ఫోనుకు పంపారు.

ఇప్పుడు ఇబ్బందులు. బోర్డు మీద 230 వోల్టులు బయటికి కనిపించే టంకం చుక్కల మీదే ఉంటాయి. పెట్టె లేకుండా అలాగే వదిలేస్తే ప్రాణం మీదికి వస్తుంది. ప్లాస్టిక్ పెట్టెలో బిగించి, దాని వోల్టేజీ వైర్లకు చిన్న ఎంసీబీ పెట్టించండి. ఈ పని ఎలక్ట్రీషియన్‌తో, మెయిన్ ఆపి చేయించాలి. సెన్సార్లన్నీ మీ మెయిన్ స్విచ్ తర్వాత, మీ సొంత డీబీలోనే, అంటే ఎంసీబీలుండే పెట్టెలోనే ఉండాలి. మా ఎలక్ట్రీషియన్ ఫేజు, న్యూట్రల్ రెండూ కలిపి ఉంగరంలో దూర్చబోయాడు. అలా చేస్తే వెళ్లే కరెంటు, వచ్చే కరెంటు ఒకదాన్నొకటి కొట్టేసుకుని సున్నా చూపిస్తుంది. దగ్గరుండి చూసుకోండి. డీబీ ఇనపదైతే ఈఎస్‌పీ32ను బయట పెట్టాలి, లోపల వైఫై అందదు.

ఒకే ఈఎస్‌పీ32కు ఒకటి కంటే ఎక్కువ తగిలించాలంటే ఒక్కోదానికి వేరే అడ్రసు, అంటే గుర్తింపు అంకె ఇవ్వాలి. ఫ్యాక్టరీ నుంచి అన్నీ ఒకే అడ్రసుతో వస్తాయి. ఒక్కొక్కటిగా తగిలించి మార్చుకోవడం విసుగు పుట్టించే పని. కరెంటు పోయినప్పుడు కొలిచే చిప్పుకు కూడా కరెంటు ఉండదు కాబట్టి ఆ కాసేపు గ్రాఫు ఖాళీ. బ్యాటరీ ఇన్వర్టరు ఇచ్చే కరెంటు మీద దీన్ని పెట్టవద్దని నా సలహా. స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ల అల ఆకారం వేరు, అర శాతం మాట అక్కడ నమ్మలేం. అలాంటి చోట ఎప్పుడూ ఇన్వర్టరుకు వచ్చే వైపే కొలవాలి.

అన్నిటికంటే పెద్ద లోటు సోలార్ ఉన్నవాళ్లకు. పీజెడ్‌ఈఎం-004టీకి దిక్కు తెలియదు. ఇంట్లోకి వచ్చే 500 వాట్లయినా, గ్రిడ్‌కు వెళ్లే 500 వాట్లయినా ఒకేలా కూడుతుంది. 2024లో పైకప్పు సోలార్ కోసం పీఎం సూర్యఘర్ పథకం వచ్చాక మా వీధిలో కూడా పలకలు వెలిశాయి. ఎదురింటి మాస్టారు నా దగ్గర ఈ బోర్డు చూసి తనకూ ఒకటి తెప్పించమన్నారు. "మాస్టారూ, మెయిన్ లైను మీద మీకు ఇది పనికిరాదు, మీరు అమ్మిన యూనిట్లను కూడా వాడిన ఖాతాలోనే రాస్తుంది," అని చెప్పాను. అలాంటి ఇళ్లకు షెల్లీ ఈఎం లాంటి, రెండు దిక్కులనూ వేరుగా కూడే పరికరం తీసుకోవాలి. ధర ఎక్కువే, కానీ పెట్టెలో వస్తుంది, టంకం పని ఉండదు. పలకల నుంచి సోలార్ ఇన్వర్టరు ఎంత ఇస్తోందో ఒక్కటే చూడాలంటే మాత్రం పీజెడ్‌ఈఎం పగటిపూట చక్కగా సరిపోతుంది.

త్రీ ఫేజ్ ఇళ్లకు ఫేజుకొకటి చొప్పున మూడు కావాలి. ప్రతిదానికీ తన ఫేజు వోల్టేజీనే ఇవ్వాలి. ఒకదాని సీటీ ఒక ఫేజు మీద, వోల్టేజీ ఇంకో ఫేజు నుంచి ఇస్తే వాట్లన్నీ తప్పు. పవర్ ఫ్యాక్టరు చూస్తే ఇది ఇట్టే బయటపడుతుంది. గీజరు వేసినప్పుడు అది 1కి దగ్గరగా లేకపోతే వైర్లు తారుమారయ్యాయని అర్థం.